నాలుగో చుక్క

రాత్రి పన్నెండున్నరకి
నా నాలుగు బళ్ళూ ఫోన్లో నాలుగు చుక్కలు.

ఒకటి ఏటుకూరు రోడ్డులో
కోల్డ్ స్టోరేజీ గేటు ముందు వరసలో నిలబడింది.
ఒకటి కాజ టోల్ దాటింది, ఆ సంగతి
చుక్క కన్నా ముందు ఫాస్టాగ్ మెసేజే చెప్పింది.
ఒకటి మా సందు చివర క్లచ్ ప్లేట్ పోయి
మూడు రోజులుగా కదలదు.
కదలకపోయినా దాని కిస్తీ ఐదో తారీఖున కదుల్తుంది.

నాలుగోది ఏసోబుది.
యార్డులో టిక్కీలు దించి వచ్చే దారిలో
నల్లపాడు గేటు ఇవతల రోజూ ఆగుతుంది.
పదిహేడు నిమిషాలు. ఒక్కోసారి ఇరవై.

డీజిలు, అన్నాడు మా బావమరిది.
వాడికి బండి లేదు, లైసెన్సు లేదు,
అనుమానం మాత్రం ఫుల్ ట్యాంకు.

నేనూ పద్నాలుగేళ్ళు ఒకరి బండి తోలినవాణ్ణే.
స్టీరింగ్ వదిలి ఆరేళ్ళయినా
నిద్దట్లో కుడికాలు బ్రేకు తొక్కుతుంది.
'వచ్చేశాం, దిగు' అంటుంది పక్కన మా ఆవిడ.
మా ఆసామి వెంకటప్పయ్య
ట్రిప్పు అవగానే జేబులు తడిమేవాడు,
లోపలి బనీను జేబు కూడా.
ఆయన చేతులు చల్లగా ఉండేవి.

నేనెవర్నీ తడమను.
చుక్కలు చూసుకుంటాను, అంతే.

స్కూటర్ లైటార్పుకుని వెళ్ళాను.
పైపూ డబ్బా పట్టుకున్న ఏసోబుని
దారంతా రెండు మూడు రకాలుగా తిట్టుకుంటూ.

వెనక డోరు దించి ఉంది.
సెల్‌ఫోను పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ వెలుతుర్లో
వంగి తొట్టి ఊడుస్తున్నాడు.
కొబ్బరి చీపురు. మూలల్లో పుల్లతో గీకడం.
తేజ గింజలు, తొడిమలు, విరిగిన కాయ ముక్కలు
తువ్వాల్లోకి ఎత్తుకుంటున్నాడు,
మధ్యమధ్యలో ఒక మేకో చిన్న రాయో ఏరి పారేస్తూ.

ఆ గింజలు ఎవరివి?
రైతువి కావు, తూకం అయిపోయింది.
షావుకారువి కావు, చీటీ చింపేశాడు.
నావి అందామంటే
నాది ఇనుమూ నాలుగు టైర్లూ, అదీ ఫైనాన్సు వాడి దయ.

ఇలా ఆలోచిస్తుండగా ఘాటు నా ముక్కుకెక్కింది.
ఆపుకున్నాను. ఆగలేదు.

తుమ్ము ముగిసేదాకా ఆగి
వెనక్కి తిరక్కుండానే అన్నాడు ఏసోబు:
'లైటేసుకుని రండి ఓనరుగారూ, అక్కడ కాలవుంది.'

'క్లచ్ ప్లేట్ సంగతి అడుగుదామని...' అన్నాను.
'ఫోన్ చేస్తే సరిపోయేదిగా,' అన్నాడు.

తువ్వాలు మూట కట్టాడు. ముడి గట్టిగా లాగాడు.
డోరు ఎత్తి గొళ్ళెం పెట్టాడు.
దిగులూ లేదు ఆ ముఖంలో, కోపమూ లేదు.
లోడు ఎక్కాక తాడు బిగించి చూసుకునే డ్రైవరు ముఖం.

మర్నాడు రాత్రి
నాలుగో చుక్క నల్లపాడు గేటు దగ్గర ఆగలేదు.
సిగ్నలేమో అనుకున్నాను.
ఆ మర్నాడూ ఆగలేదు.
నేరుగా, ఆగకుండా,
ఏ ఓనరైనా సంతోషించేలా వచ్చి సందులో నిలబడింది.
పదిహేడు నిమిషాలు నాకు మిగిలాయి.
వాటిని ఏ ఖాతాలో రాయాలో తెలీలేదు.

పొద్దున పుస్తకాల లోడు, బ్రాడీపేటకి.
తొట్టి నిండా ఎర్రటి గింజలు.
అట్టలకి మరకలవుతాయని గొణుగుతోంది
ముట్టజెప్పాల్సిన షాపు పిల్లాడు.
ఏసోబు క్యాబిన్లో కూర్చుని
అద్దం తుడుచుకుంటున్నాడు.

సీటు కింద, టూల్స్ పెట్టెలో, టార్పాలిన్ మడతల్లో
చీపురు కోసం వెతికాను.
బండితో వచ్చిందే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అది అతను ఇంటి నించి తెచ్చుకున్నదట.