మూడు నిమిషాల ఏభై సెకన్లు

గంట కొట్టడం నా పని.
నాలుగో నిమిషానికి ఒకటి,
అయిదుకి రెండు,
ఆపైన కూడా ఆగనివాడికి, ఆగేదాకా.
ఎచ్చెర్ల క్యాంపస్ సెమినార్ హాల్లో
పరిశోధక విద్యార్థికి దక్కే గౌరవాల్లో ఇదొకటి.
సమోసాలు లెక్కపెట్టడం ఇంకొకటి.

గంట ఇత్తడిది.
అటెండరు తవిటినాయుడు
వాళ్ళింటి దేవుడి మూల నుంచి తెచ్చిచ్చాడు.
దీపం వేళకి తిరిగిచ్చేయాలని మాట.

ఆరేళ్ళ కిందట ఇదే మైకు ముందు
నేనూ నిలబడ్డాను.
"వేదికనలంకరించిన పెద్దలకు" దాకా బాగానే వచ్చింది.
తర్వాతి వాక్యం
చెమటతో పాటు చొక్కాలోకి జారిపోయింది.
అప్పటి గంటవాడు జాలిపడి
రెండో నిమిషానికే కొట్టేశాడు.
ఆ జాలి
ఇప్పటికీ చెవిలో మోగుతుంది.

ఈసారి అంశం
"విపత్తుల వేళ సమాచార వ్యవస్థ పాత్ర".
పద్నాలుగు మంది.
పన్నెండు మంది ఉపగ్రహంతో మొదలెట్టారు,
ఒకడు పురాణంతో.
ఉపగ్రహం ఎక్కినవాళ్ళలో ఒకడైతే
నేనెంత కొట్టినా కిందికి దిగలేదు.
న్యాయనిర్ణేతలు ముగ్గురూ తలలొంచి
గడులు నింపుతున్నారు:
ఉచ్చారణ, హావభావం, సమయపాలన.
ఫ్యాను తిరిగిన ప్రతిసారీ
టక్కుమని ఒప్పుకుంటోంది.

ఆఖరి నెంబరు మైలపల్లి పోలేశ్వరి.
కళింగపట్నం బస్సు కాంప్లెక్సులో దిగి
ఇంకో బస్సులో నిలబడి వచ్చేసరికి
పేరు రెండుసార్లు పిలిచేశారు.
మైకు ఎత్తు సరిచేసుకోలేదు.
పెద్దలకు నమస్కారాల్లేవు.

"మా మామ్మకి చెముడండి.
రేడియో వినబడదు. గాలి తెలుస్తాది.
ఆ రాత్రి తింటన్న కంచంలో చెయ్యి కడిగీసి
ఆ కంచం పట్టుకునే వీధిలో పడింది, గరిటెతో కొట్టుకుంటా.
నెగండోలా! నెగండి! గంగమ్మ నెగిసింది!
కొస నుంచి కొసకి ఆ ముక్కే.
మా వీధికి అరవై గడపలండి.
తెల్లారి చూస్తే గడపల్లేవు,
ఇసకే.
మనుషులం ఉన్నాం. పేరు పేరునా పిలుచుకున్నాం.
కంచానికి సొట్టలు పడ్డాయి,
ఇప్పుడూ అందులోనే తింటాది.
అయిపోయిందండి."

ఒక నిమిషం పది సెకన్లు.

చప్పట్లెప్పుడు కొట్టాలో ఎవరికీ తెలీలేదు.
ఆమె దిగి, వెళ్ళి, చివరి వరసలో కూర్చుంది.
గంట పిడి మీద నా చెయ్యి.
నాలుగో నిమిషం ఎక్కడో ఇంకా దారిలో ఉంది.
మధ్య మేడమ్ పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి,
"కనీసం మూడు నిమిషాలుండాలి కదా" అన్నారు,
తనకి తానే చెప్పుకున్నట్టు.
ఉండాలి. నియమాల కాగితం నేనే టైపు చేశాను.

మొదటి బహుమతి
మానవత్వమే మహా ఉపగ్రహమని ముగించినవాడికి.

సాయంత్రం హైవే మీద బస్సు కోసం నిలబడింది.
"పాల్గొన్నందుకు" కాగితం చుట్టి రబ్బరు వేసుకుంది.
లెక్కలో మిగిలిన సమోసా ఇచ్చాను.
సగం తిని, అడిగింది:
"గంట బాబు మీరే గదా? నాకు కొట్టనేదేటి?"
"కొట్టే టైము రాలేదు."
"మరి నా నిమిషాలు మిగిలిపోనాయి గదా.
ఆటినేటి సేసినారు?"

లారీ ఒకటి హారను మోగిస్తూ పోయింది.
దాని వెనకే బస్సు.
జవాబు కోసం ఆగలేదు, ఎక్కేసింది.

దీపం వేళ దాటాక గంట తిరిగిచ్చాను.
తవిటినాయుడు ఏమీ అనలేదు.
ఒకసారి ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని,
"మోగతంది" అన్నాడు,
నాకేదో అనుమానం ఉందనుకున్నాడేమో.

స్టాప్‌వాచ్ జేబులోనే ఉంది.
ఆపడం మరిచిపోయానని
రేపు ఆఫీసులో చెబుతాను.