పందొమ్మిదిన్నర

నా వంతు వచ్చిందా?
కూసుండే చెప్త, నిలవడితే మోకాలు మొరాయిస్తది.

పేరు ఉప్పుల రాజకొమురమ్మ.
ఎనుమాముల మార్కెట్ల అందరు కొంరక్క అంటరు.
ఆధార్ కార్డుల ఇంకో తీరుగ పడ్డది,
దాని జోలికి ఇప్పుడు పోవద్దు.

పని, బార్‌దాన్ సంచులకు మాసికలేసుడు.
ఎలుక కొరికిందా, కొక్కెం చింపిందా,
లారీ ఎక్కిచ్చేటప్పుడు పిగిలిందా,
చిల్లిని చూస్తె చాలు, ఎట్ల పడ్డదో చెప్త.
దబ్బనం నా కుడి చేతికి ఆరో వేలు.

మీరంత మంచిగ చెప్పుకున్నరు.
ఆ పోరడు అయిదేండ్లకే చదువుడు మొదలువెట్టిండట,
ఈ మేడమోళ్ల ఇంట్ల మూడు బీరువాలట.
వింటుంటె సంబురమైంది, కుళ్లు గూడ అయింది,
అబద్ధమెందుకు.

నేను ముప్పై ఒకటో ఏట అక్షరం వట్టిన.
కాంటాల కాడ యాకూబ్ సారని రాత్రిబడి చెప్పేటాయన.
సున్న చుట్టమంటె నేను సంచి మూతి కుట్టినట్టు
అటు రెండు ఇటు రెండు గీతలు గీసేదాన్ని.
'కొంరమ్మా, అక్షరాన్ని కట్టెయ్యకు, ఇడిచిపెట్టు' అనేటోడు.
మొదాలు చదివింది సంచి మీది పేరే,
నల్ల సిరతోటి అచ్చేసిన అడ్తి మార్కు.
పదేండ్లు కుట్టిన ఆ పేరును.
ఆ పొద్దు దాక అది నాకు మరకనే.

ఎన్ని చదివినవని అడుగుతున్నరు గదా.
పందొమ్మిదిన్నర.
నవ్వకుండ్రి, లెక్క సరిగ్గనే ఉన్నది.
పెదవులు కదలకుంటె నాకు చదువు రాదు,
ఒక్కో మాటను నోట్లేసుకొని
తునికిపండు లెక్క చప్పరిచ్చి, గింజ ఉమ్మినంకనే
ఇంకో మాటకు పోత.
అందుకే ఒక్క పుస్తకానికి ఒక్క మిర్చి సీజన్ పడ్తది.
ఆ పందొమ్మిదిట్ల ఒకటి పాముల గురించి,
ఒకటి రేడియో రిపేరు పుస్తకం.
అది గూడ ఆఖరి దాక చదివిన.
దాంట్ల మస్తు బాధ ఉన్నది, అన్ని తెగిన తీగలే.

ఇగ ఆ సగం ముచ్చట. దాని కోసమే వచ్చిన.

ఐతారం నాడు హన్మకొండ చౌరస్త కాడ
పాత పుస్తకాల కుప్పల ఇరువై రూపాలకు దొరికింది.
అట్ట లేదు. పేరు లేదు.
రాసింది ఆయనో ఆమెనో అది గూడ లేదు.
నూట పన్నెండో పేజీల
ఒకామె బావి గిరక మీద చెయ్యేసి
'రేపు పొద్దుగాల చెప్త' అంటది.
గంతే.
అటెన్క ఎండిన జిగురు, రెండు దారప్పోగులు.

ఏం చెప్పాలనుకున్నదో!
చిల్లిని చూసి కారణం చెప్పేదాన్ని
ఈ చిల్లి కాడ ఓడిపోయిన.

ముందుగాల సుతిలి తోటి పుస్తకానికి నడుం కుట్టిన.
తర్వాత పగటి బువ్వల కాడ పనోళ్లకు చదివి వినిపిచ్చిన.
ఇగ లొల్లి షురువైంది.
'ఊరిడిసి పోత' అంటదని అనసూర్య.
'పొలం నా పేరు మీద ఎయ్యి' అంటదని మా సమ్మవ్వ,
ఆమెకు రెండేండ్ల సంది అదే పంచాది.
హమాలీ అఫ్సర్ మాత్రం బీడీ ఆర్పి
'రేపు పొద్దుగాలకు ఆమె మర్చిపోతది' అన్నడు.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.
తెల్లారనైతె తెల్లారుతది,
తీరా చూస్తె పొద్దంత నీళ్లు తోడుడుకే సరిపోతది గదా.

మీల ఎవలన్న చదివిండ్రా దాన్ని?
బావి, గిరక, రేపు పొద్దుగాల.
గుర్తుకొస్తె...
ఆగుండ్రి. నోరు తెరవకుండ్రి.
మీరు చెప్పంగనే అది ఇరువై అయితది,
మార్కెట్ల మా లొల్లి బందయితది.
సమ్మవ్వను అడిగి వచ్చే ఐతారం చెప్త.

సంచిల తెచ్చిన, కావాలంటె పట్టుకపోండ్రి.
జర పైలంగ తిప్పుండ్రి, కుట్లు ఊడుతయి.
ఇంకొక్క మాట, మొదాలే చెప్తున్న.
ఎన్ని తీర్ల దులిపినా దాంట్ల మిర్చి ఘాటు పోలే.
చదివినంక చేతులు కడుక్కోకుంట
కండ్లు తుడుసుకోకుండ్రి.