ఖాళీ కడుపుతో రండి

నోటీసులో ఒక్కటే షరతు రాశాను: ఖాళీ కడుపుతో రండి.
అందుకే ఉదయం ఏడింటికల్లా
నిత్రా వ్యవసాయ విశ్వవిద్యాలయం, రెండో అంతస్తు వరండాలో
పందొమ్మిదేళ్ళ ఆకళ్ళు
బూట్లు చేత్తో పట్టుకుని వరసలో నిలబడతాయి.

కిటికీ అవతల జోబోర్ కొండ మీద ఇంకా నిన్నటి మంచు.
ఇనుప పలక చల్లగా ఉంటుందని ముందే చెబుతాను,
అయినా ప్రతి పాదమూ ఒకసారి ఉలిక్కిపడుతుంది.

యంత్రం చేసే పని చాలా చిన్నది.
అరికాలి నుంచి అరచేతికి
మనిషికి తెలియనంత సన్నటి కరెంటును నడిపిస్తుంది.
నీళ్ళున్నచోట అది పరుగెడుతుంది,
కండలో దారి దొరుకుతుంది,
కొవ్వు దగ్గర మాత్రం ఆగి, తలుపు తట్టి, ఆలస్యమవుతుంది.
ఆ ఆలస్యాన్నే మేం శాతాల్లో రాసుకుంటాం.

ఇవాళ వరండా అంతా రొట్టె వాసన.
ఎవరి సంచిలోంచో. వరస మొత్తం మింగుతోంది గుటకలు.

ఆ సంచి బ్లజేనాది. ఓరవ వైపు, రొట్టెల బట్టీ వాళ్ళ పిల్ల.
స్వెట్టర్ విప్పుతూ రెండుసార్లు తలుపు వైపు చూసింది.
టేపు చుట్టేలోగా ఊపిరి బిగబట్టి కడుపు లోపలికి లాక్కుంది,
అందరూ చేసేదే.
"వదిలెయ్యమ్మా" అన్నాను.
వదిలింది. నాలుగు సెంటీమీటర్లు టేపులోకి తిరిగొచ్చాయి,
అలిగి పోయిన పిల్లలు
గుమ్మంలో తలొంచుకు నిలబడినట్టు.

తుంటి చుట్టూ, తొడల్లో ఉంది ఆమె బరువంతా.
"మా అమ్మదీ ఇంతే, అమ్మమ్మదీ" అంది,
అప్పు తీర్చలేకపోయిన గొంతుతో.
ఏం చెప్పను?
తుంటి మీది కొవ్వు నేలమాళిగలో బంగాళదుంప,
చలికాలానికని దాచింది,
చలికాలం రాకపోయినా
ఎవరి జోలికీ పోకుండా పడి ఉంటుంది.

తర్వాత స్వెతోజర్. చీపురుపుల్ల.
చొక్కాలో అతని కంటే గాలే ఎక్కువ.
"నాలో ఏముందండీ కొలవడానికి" అని నవ్వుతూ ఎక్కాడు.

కాగితం బయటికొచ్చింది. మళ్ళీ కొలిచాను. మళ్ళీ.

చేతుల్లో కండ లేదు, పిక్కల్లో లేదు.
పొట్ట లోపల, పేగుల మధ్య, కాలేయం గడప దాకా
కంటికి ఆనని చోట పేరుకుపోయి ఉంది,
యంత్రం అంచనా నిజమే అయితే.
రాత్రిళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగమట,
తెరల ముందు కుర్చీ, తీపి సోడా సీసా,
తెల్లారాక క్లాసు.
"ఇంట్లో అంతా బాగేనా?" ఈ ప్రశ్న ఫారంలో లేదు.
"బాగే" అన్నాడు. సాక్సు తొడుక్కుంటూ,
"నాన్న ఫోనెత్తడు" అన్నాడు.

సాక్సు తిరగేసి తొడుక్కున్నాడు. నేనేం చెప్పలేదు.
మింగినవన్నీ అరిగిపోతాయని ఎవరన్నారో కానీ
కొన్నిటిని మనం కడుపులోనే పెట్టుకుంటాం.

ప్రొఫెసర్ గారికి శుక్రవారానికల్లా సగటు కావాలి.
ఆడపిల్లలకొకటి, అబ్బాయిలకొకటి, దశాంశంతో సహా.
పదహారేళ్ళుగా కొలుస్తున్నాను,
సగటు అనే విద్యార్థి
ఒక్కసారీ ఈ మెట్లెక్కి రాలేదు.

నిరుడు గడియ పెట్టి నేనూ ఎక్కాను.
నా కాగితం ఏమందో అడక్కండి,
కోటు లోపలి జేబులో నాలుగు మడతల్లో ఉంది.

పదిన్నరకి తలుపు తీస్తే
బెంచీ మీద ఆ ఇద్దరూ. సంచి విప్పి ఉంది.
బ్లజేనా గసగసాల రొట్టెను మోకాలికానించి విరిచింది,
పెద్దముక్క అతనికిచ్చింది.
తనది కాసేపు చూసింది,
నా వైపు చూసింది, నా చేతిలో టేపును చూసింది,
తర్వాత కొరికింది.

టేపు జేబులో పెట్టేశాను.
నాకూ ఓ ముక్క దక్కింది.

మధ్యాహ్నమంతా
పంటి సందులో ఇరుక్కున్న గసగసాల గింజను
నాలుకతో వెతుక్కుంటూ
అంకెలు ఎక్కించాను.