కాటా మీద మూడోవాడు

"ఎన్ని కాన్పులు?" అనడిగాను.
నా చేతిలో కాగితం, అందులో ఒక చిన్న గడి,
ఒక్క అంకె పట్టేంత.

పెదజాలరిపేట ఇసకలో
ఎండుతున్న నెత్తళ్ళని తిరగేస్తూనే
సూరాడ కాశమ్మ అంది:
"బతికినవా, పుట్టినవా, కడుపున పడ్డవా?
ఏ లెక్క కావాల తల్లీ నీకు?"

పెన్ను ఎత్తి పట్టుకున్నాను.

మొదటిది తుపాను ఏడు. మూడో నెలకే జారిపోయింది.
రెండోది ఎల్లాజీ, ఇప్పుడు బోటు డ్రైవరు.
మూడోవాడు...
ఇక్కడ ఆమె చేతులాగాయి.
వాడు ఇంట్లోనే పుట్టాడు. రెండు రాత్రులు పట్టింది.
హార్బర్ నుంచి చేపల కాటా మోసుకొచ్చాడు మామ.
నాలుగున్నర కేజీలు!
"కోనం సేపలాగున్నాడ్రా గుంటడు" అంటూ
పేటంతా వచ్చి చూసింది.
గుప్పిళ్ళతో పంచదార పంచారు.

"ఆడు కడుపులో ఉన్నప్పుడు
బిందెడు నీళ్ళు తాగినా దాహమే.
రేత్రి నాను ఒంటికి కూకున్న సోట
తెల్లారేసరికి సీమలు పట్టీవి.
మా అత్త నవ్వీది,
కడుపులో బెల్లం దాసేవేటే, అనీసి."

నాలుగోది నెలలు నిండి, ఏడవకుండా పుట్టింది.
అదీ పెద్ద పిల్లే.
దాన్ని ఎవరూ తూచలేదు.

ఐదు. ఆరు.
ముప్పైమూడేళ్ళకి గర్భసంచి తీయించేశారు.
వేలిముద్ర మొగుడిది.

ముట్టు ఆగింది ఎన్నో ఏట, అంటుంది కాగితం.
"ఆగలేదమ్మా. ఆపీసినారు."
దానికీ గడి లేదు.

వేలు తుడిచి సూది గుచ్చాను. దిగలేదు.
పొలుసులు గీకి గీకి, ఉప్పు తిని తిని
ఆ చర్మం తోలయిపోయింది.
మూడో వేలికి ఒక్క చుక్క వచ్చింది.
మూడు వందల పన్నెండు.

"సేపలమ్మీదాన్ని,
తీపి నానెప్పుడు తిన్నాను?"

కేజీహెచ్‌కి రమ్మన్నాను, మాత్రల సంగతి చెప్పాను.
ముప్పై ఏళ్ళ కిందట ఊగిన ఆ కాటా ముల్లు
ఇవాళ నా మిషన్‌లో వచ్చి ఆగిందని
ఎలా చెప్పాలో తెలీక
చీమల గురించి మళ్ళీ అడిగాను.

ఆమె నా మొహంకేసి చూసింది, చాలాసేపు.
ఏదో లెక్క ఆమెకే తేలినట్టుంది.
"ఒలే నూకరత్నం!"

ఆరోది, ఆఖరిది.
ఏడో నెల కడుపుతో బయటికొచ్చింది,
చేతిలో చెంబు, నోటి చుట్టూ తడి.
"బిడ్డ బలంగా ఉన్నాడంటన్నారు అందరూ" అంది సిగ్గుగా.

కాశమ్మ చేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుని
కూతురి వేలు పట్టి నా ముందుకి చాపింది.
"ముందు దీనిది సూడు.
నాది ఎక్కడికీ పోదు."

గాలి తిరిగింది. నెత్తళ్ళ మీద గోనె కప్పడానికి లేచిందామె.
నేను కొత్త కాగితం తీశాను.
పాతదాంట్లో మొదటి గడి ఇంకా ఖాళీ.
దాని బయట, అంచున రాసుకున్నాను:
కాటా. నాలుగున్నర.