వేడెక్కేదాకా

పుదుప్పేటలో మిట్టమధ్యాహ్నం
ఒక పాత వ్యాన్ కడుపు కింద పడుకుని
కోదండం మేస్త్రీ అడిగాడు:
"ఒరే, ఇందులో ఏముందో తెలుసా?"

సైలెన్సర్ అనుకున్నాను.
విప్పి, గ్రైండర్ పెట్టి కోశాడు. నిప్పురవ్వలు నా చెప్పుల మీద.
లోపల బూడిదరంగు తేనెపట్టు.
ఈగల్లేవు, తేనె లేదు.
వెలుగుకేసి తిప్పితే
వేల గదుల్లోంచి ఎదురుగోడ మీది సినిమా పోస్టరు
చుక్కలు చుక్కలుగా.

"ఇంజన్లోంచి సగం కాలిన గాలి వస్తాదిరా.
దానికొక ఊపిరి తక్కువ.
మన నెత్తుట్లో ఊపిరి కూచునే చోట అది కూచుంటాది,
వాసన కూడా రాదు.
ఇంకోటి, ఊపిరి ఎక్కువై కళ్ళు మండించేది.
ఈ గదుల్లో పూసిన ప్లాటినం ఉందే,
అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య.
ఇద్దర్నీ ఒక పీట మీద కూచోబెట్టి, ఇచ్చిపుచ్చుకోమని
తాను మాత్రం వచ్చినట్టే ఉంటాది.
గురిగింజెత్తు తగ్గదు."

ఇంత చెప్పి
దాన్ని గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టాడు.
జిలానీ భాయ్ పొడిని తూచి డబ్బులిచ్చాడు.

ఖాళీ డబ్బాని మళ్ళీ మూసి వెల్డింగ్ పెట్టింది నేనే.
అతుకు బాగా కుదిరిందని మెచ్చుకున్నారు కూడా.
డ్రైవర్ అముదన్‌కి అరవంలో చెప్పాను:
పికప్ పెరుగుద్దన్నా.

ఇప్పుడా వ్యాన్
మా సందు చివర ఆరూ నలభైకి స్టార్టవుతుంది.
పసుపురంగు వేశారు. వెనక అద్దం మీద బడి పేరు.
వంగి చూడక్కర్లేదు,
ఆ బోలు చప్పుడులోనే నా అతుకు తెలుస్తుంది.

మేస్త్రీ ఆరోజు ఇంకో మాటన్నాడు,
టీ తాగుతూ వినీవిననట్టు వదిలేశాను:
డబ్బా ఎంత మంచిదైనా
చల్లగా ఉన్నంతసేపు పని చెయ్యదంట.
మూడొందల డిగ్రీలకి దగ్గరయ్యాకే తెలివొస్తుందంట.
అందాకా పొగ పొగలాగే పోతుంది.

నిన్న జిలానీ భాయ్‌ని అడిగాను,
పాతదైనా సరే, పనిచేసేదొకటి ఇస్తావా అని.
పద్నాలుగు వేలన్నాడు.
నా జీతం పదకొండు.

అముదన్ హారన్ కొడుతున్నాడు.
ఎదురింటి పాప ఒక సాక్సు వేసుకుని,
ఇంకోటి చేత్తో ఊపుతూ
సరిగ్గా ఆ గొట్టం పక్క నుంచే పరుగెత్తింది,
నవ్వుతూ, నోరంతా తెరిచి.