మూడో పరికరం

అమలాపురంలో నాలుగోరోజు ముసురు.
ల్యాబు గుమ్మంలో గొడుగులు కారుతున్నాయి.
కొత్త బ్యాచ్, అందరికీ నెట్టు కావాలి.
ఫోనులో దాక్కున్న పన్నెండక్షరాల చిరునామా
సుహాసిని చదువుతోంది, నేను కొడుతున్నాను:
ఐదు, బి, సున్నా, ఎఫ్...

మనిషికి రెండే, అది రూలు.
మూడోది మెల్లిగా బల్ల మీద పెట్టింది.
అంచు పగిలిన ట్యాబు, వెనక పసుపు మరక.
"మెస్సులో వరాలమ్మగారి పాపదండీ. పదో తరగతి.
వాళ్లకి రోల్ నంబరుండదు కదండీ."

మా నాన్న లొల్ల లాకుల మీద లస్కరు.
వంతు లేని రాత్రి
శివారు చేలాయన ఎవరో వచ్చి
చుట్ట కూడా ముట్టించకుండా నిలబడితే
ఈయనా ఏమీ అనకుండా లేచి
తలుపు రెండు వేళ్లు ఎత్తేవాడు.
పొద్దున్నే సూపర్‌వైజరు
నీళ్లెటు పోయాయంటే
"ఎలకబొక్కండి."
బొక్క చూపించమని ఎవరూ అడగలేదు.

పరికరం పేరు, అని ఒక గడి.
ఖాళీగా వదిలితే ఒప్పుకోదు.
ఎలకబొక్క, అని కొట్టాను.

గుండ్రం తిరిగి తిరిగి
ట్యాబు టింగుమంది.
గొడుగు ఇక్కడే మరిచిపోయి
వంటింటివైపు వానలో పరుగు, సుహాసిని.