బేస్తారం లాటిన్

ఫ్రిజ్ తలుపు మీద
పాత కేస్‌షీటు వెనక గీసిన గళ్లు.
సోమారం లెక్కలు, మంగళారం తెలుగు,
ఐతారం ఎవ్వరి పని వాళ్లది.
బేస్తారం, పొద్దుగాల పదింటికి: లాటిన్.
రబ్బరుతోని తుడిచి తుడిచి
ఆ ఒక్క గడి దగ్గర కాయితం
ఉల్లిపొర లెక్క పల్చబడ్డది.

పదింటికి నల్లా వస్తది, రోజిడిచి రోజు.
నైట్ డ్యూటీ దిగి
వరంగల్ పెద్దాస్పత్రి కాడికెల్లి
కాజీపేట చేరేటాలకు తొమ్మిదిన్నర.
కండ్లల్ల ఇసుక పోసినట్టుంటది.
బిందెలు నిండేదాక పాఠం ఆగాలె,
పాఠం అయ్యేదాక నా నిద్ర ఆగాలె.
పోనీ శుక్కురారం పెడుదామంటే
శుక్కురారం ఇన్నారెడ్డి సారు ఉపాసం,
గొంతు లేవదంటడు.

సారు అంటే బడి సారు కాదు.
గూడ్స్ బండికి గార్డుగ చేసి దిగినోడు.
అంతకుముందు, ఫాదర్ కావాల్నని
నాలుగేండ్లు సెమినరీల చదివి
ఓ రాత్రి గోడ దుంకి వచ్చినోడు.
ఎందుకని నేనడగలేదు.
మా ఈశాన్య అడిగింది.
"మా అవ్వ పెట్టిన తొక్కు యాదికొచ్చింది బిడ్డా" అన్నడు.

మా ఆడబిడ్డ ఫోన్ల నవ్వుతది.
"పోరగాండ్లను బడి మాన్పిస్తివి, సరే.
ఇంట్లనే చెప్తవు, సరే.
లాటిన్‌తోని ఏ కొలువొస్తది వదినె?"
స్పీకర్ల విన్న సారు
చాయ్ గిలాస కింద పెట్టి
"నాకైతే గార్డు కొలువొచ్చింది తల్లీ" అన్నడు.

అసల్ది మొదలైంది నాతోనే.
బీడీ, టీడీఎస్, హెచ్ఎస్.
ఇరవై ఏండ్ల సంది రాస్తున్న,
చూడకుంటనే రాస్తది నా చెయ్యి.
"బీడీ అంటే తాగే బీడీయా అమ్మా?"
మొగిలి అడిగిండు.
రోజుకు రెండుసార్లు మందెయ్యాలని, అన్న.
"ఏ భాషల?"
ఏ భాషలనో నాకేం తెలుసు.
గోడ అవతలికెల్లి ముసలి గొంతు:
"బిస్ దియే. లాటిన్."
తనకు తెల్వని భాషల
నా చెయ్యి ఇన్నేండ్లు మాట్లాడిందా అని
నేను నిలబడ్డ కాడ్నే నిలబడితే
బిందె నిండి వాకిలంత పారింది.

పట్టాలు కనబడే రేకుల కింద పాఠం.
రామగుండం బొగ్గు బండి వస్తే
చదువు ఆపి ముగ్గురూ డబ్బాలు లెక్కపెడ్తరు.
యాభై ఎనిమిదని ఒకరు, తొమ్మిదని ఒకరు, కొట్లాట.
ఆ పూటకు లెక్కల గడిల
నేను టిక్కు పెట్టుకుంట.

వేనియో, వేనిస్, వేనిత్.
ఇండ్ల నేను ఏది, నువ్వు ఏది అని
మొగిలి ఎతుకుతనే ఉన్నడు.
"మాట తోక పట్టుకో పోరగా.
వస్తున్న. ఎవరు?"
నేను.
"వస్తున్నవ్?"
నువ్వు.
"వస్తున్నది?"
మొగిలి పట్టాల దిక్కు చూసి
"బండి" అన్నడు.
ఆనాడు కరెంటు లేదు.
బేస్తారం కూడ కాదు.

ఈ నెల నా డ్యూటీలు మళ్ల మారినయ్.
సారు ఎడమ కంటికి శుక్లం తీసిండ్రు.
కొత్త కాయితం, కొత్త గళ్లు,
ఎంత గీసినా లాటిన్‌కు గడి దొరకలే.
ఈశాన్య నా చేతిలకెల్లి పెన్సిల్ గుంజుకొని
గళ్లకు అవతల, అంచు మీద,
అచ్చం నా రాత తీరుగ రాసింది:
లాటిన్, ఎస్ఓఎస్.
సి ఓపుస్ సిత్. అవసరమైతే.

రాత్రి వార్డుల ఉన్నప్పుడు ఫోన్.
"అమ్మా, సారుకు కంట్ల చుక్కలేసినం.
కన్ను మూసుకున్న అయిదు నిమిషాలు
పాఠం చెప్పిండు. రోజుకు నాలుగుసార్లు వెయ్యాలె కద."

మందుల ట్రే పట్టుకొని
మూడో మంచం కాడ ఆగిపోయిన.
అవసరమైతే.
ఎవరికో, ఆ మాట తోక చెప్తలేదు.

రేపు నల్లా రోజు,
బిందెలు కడిగి పెట్టుండ్రి అని
ఫోన్ పెట్టేసిన.